పాత బండి మాటిమాటికి వేడెక్కుతోందా? ఎక్కడ మొదలుపెట్టి ఎలా వెతకాలి

రేడియేటర్ మార్పించారు, వాటర్ పంపు కొత్తది వేయించారు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) అయితే ఎప్పుడో తీసి పక్కన పడేశారు. అయినా ఎండకాలంలో మడికొండ దాటేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికే వస్తుంది. పాత బొలెరో, సుమో, క్వాలిస్, మారుతి 800, ఓమ్నీ నడిపేవాళ్లలో చాలామందిది ఇదే గోస. ఒక్కో సామాను మార్చుకుంటూ పోతే డబ్బులు అయిపోతాయి గానీ జబ్బు దొరకదు. బండి ఏ టైములో వేడెక్కుతోందో, నీళ్లు తగ్గుతున్నాయో లేదో, ఈ రెండూ తేల్చుకున్నాకే స్పానర్ పట్టాలి.

ఒక హెచ్చరిక మాత్రం ముందే. వేడిమీదున్న రేడియేటర్ మూత తిప్పకండి. లోపలి నీళ్లు ఒత్తిడి మీద 100 డిగ్రీలు దాటి కూడా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి. పై హోస్ పైపు చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా తగిలినప్పుడే మూత జోలికి పోవాలి.

ముల్లు చెప్పేది నిజమేనా

పాత బండ్లలో మీటరే తప్పు చూపించడం మామూలే. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కాస్త పైకి జరిగితే ఇంజన్ వేడెక్కినట్టు కాదు, ఎర్త్ వైరు వదులైనట్టు. బ్యాటరీ నుంచి ఇంజన్‌కు, ఇంజన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ వైర్ల చివర్లు విప్పి, ఎమరీ కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి మళ్లీ చూడండి.

అనుమానం తీరకపోతే వెయ్యి రూపాయలకు అటూఇటుగా దొరికే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ కొనుక్కోండి. ఈ పని మొత్తానికి దీన్ని మించిన పనిముట్టు లేదు. థర్మోస్టాట్ ఉండే గూడు మీద గురిపెట్టాలి. మెరిసే అల్యూమినియం మీద పెడితే తక్కువ చూపిస్తుంది, అందుకే అక్కడ నల్ల పెయింటు చుక్క ఒకటి పెట్టుకోండి. 85 నుంచి 95 వరకు ఉంటే బాగున్నట్టే. ఎక్కుడు మీద కాసేపు 100 దాటినా కంగారు లేదు. 105 దాటి ఇంకా పెరుగుతూ పోతుంటే మీటరు నిజమే చెబుతోంది.

దీనికి తిరకాసు కూడా ఉంది. నీళ్లు బాగా తగ్గిపోతే సెన్సర్ నీళ్లలో మునగదు, గాలిలో వేలాడుతుంది. అప్పుడు ముల్లు కిందికి పడిపోతుంది. ఎర్రగీత దాకా పోయిన ముల్లు ఉన్నట్టుండి చల్లదనం వైపు జారితే బండి చల్లబడిందని సంతోషపడకండి, వెంటనే పక్కకు ఆపండి.

నీళ్లు పోతున్నాయా, ఉంటున్నాయా

పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ గొంతు దాకా నింపి, పక్కనున్న, పొంగిన నీళ్లు చేరే డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టండి. రోజంతా నడిపి, మర్నాడు పొద్దున అదే టైముకు చూడండి. గీత దిగితే లీకు వెతకాలి. గీత అక్కడే ఉండి బండి వేడెక్కుతుంటే గాలి తగలకపోవడమో, నీళ్లు తిరగకపోవడమో. ఈ రెండింటి దారులు పూర్తిగా వేరు.

నీళ్లు తగ్గే బండిలో మొదట అనుమానించాల్సింది రేడియేటర్ మూత. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, అది బార్లలో ఒత్తిడి. 0.9 మూత సరిగ్గా పట్టి ఉంచితే ఉత్త నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు గట్టిపడి ఒత్తిడి నిలవకపోతే 100కే మరిగి డబ్బాలోకి పొంగుతాయి. మూత మధ్యలో చిన్న వాల్వు ఇంకొకటి ఉంటుంది. ఇంజన్ చల్లారేటప్పుడు డబ్బాలోంచి నీళ్లు వెనక్కి పీల్చుకునేది దాని ద్వారానే. అది పట్టేస్తే పొద్దున్నే పై హోస్ పైపు చప్పిడి అయి కనిపిస్తుంది. మూత మార్చేటప్పుడు అదే అంకె ఉన్నది తీసుకోండి. ఎక్కువ ఒత్తిడి మూత వేస్తే వేడి ఏమీ తగ్గదు, పాత పైపులు పగులుతాయి.

మూత బాగుంటే చేతిపంపు ప్రెషర్ టెస్టర్ ఉన్న షాపుకు పోండి. చల్లటి ఇంజన్ మీద మూతకున్న ఒత్తిడి దాకా కొట్టి, పదిహేను నిమిషాలు ఆగితే లీకు ఎక్కడో బయటపడుతుంది. చూడాల్సిన చోట్లు: పైపుల క్లిప్పులు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం కోరుతో (నడుమ ఉండే ట్యూబులు, రెక్కల జాలీతో) కలిసే అంచు, ఇంజన్ బ్లాకు పక్కనుండే కోర్ ప్లగ్గులు (బ్లాకు రంధ్రాలకు వేసే గుండ్రటి రేకు మూతలు), వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం. ఆ రంధ్రం నుంచి కిందికి తెల్లటి సున్నపు చార కనిపిస్తే పంపు సీలు పోయినట్టే, నీటి చుక్క కనిపించకపోయినా సరే. వేడి మీద కారిన చుక్క కారినట్టే ఆరిపోతుంది, చార మాత్రం మిగులుతుంది. డ్రైవర్ పక్క సీటు కింద కార్పెట్ తడిగా ఉండి, లోపల తియ్యటి వాసన వస్తే హీటర్ కోరు, అంటే క్యాబిన్‌కు వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్, కారుతోంది.

లీకుకు పసుపు పోయడం మన డ్రైవర్లకు తెలిసిన చిట్కా. నడి అడవిలో, తాడ్వాయి దాటాక ఇల్లు చేరడానికి పనికొస్తుంది. కానీ చిల్లును మూసిన పసుపే సన్నటి ట్యూబులను కూడా మూస్తుంది. ఇల్లు చేరాక కడగకుండా వదిలేస్తే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టు.

ఏ టైములో వేడెక్కుతోంది

ట్రాఫిక్‌లో నిలబడితే వేడెక్కి, రోడ్డెక్కి పరుగు అందుకుంటే చల్లబడే బండిలో జబ్బు ఫ్యాన్‌ది. మేడారం జాతరకు పస్రా దాటాక గంటలకొద్దీ మెల్లగా జరిగే వరుసలో బానెట్లు లేపుకుని ఆగిపోయేవి ఎక్కువగా ఈ రకమే. కరెంటు ఫ్యాన్ ఉన్న మారుతి, ఇండికా లాంటి వాటిలో ముందు ఏసీ వేయండి, ఫ్యాన్ తిరగాలి. తిరిగి, ఏసీ లేనప్పుడు మాత్రం వేడికి తిరగకపోతే రేడియేటర్‌కు బిగించిన థర్మో స్విచ్ పోయి ఉండొచ్చు. దాని రెండు వైర్లను ఒక ముక్క వైరుతో కలపండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ మార్చండి. అప్పుడూ తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు బ్రష్షులు వరుసగా చూడాలి. తిరుగుతోంది కదా అని వదిలేయకండి, నీరసంగా తిరిగే ఫ్యాన్‌తో పని జరగదు. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చి, అప్పటి వేగంతో పోల్చుకోండి.

ఎవరైనా మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారు చేస్తే ఫ్యాన్ ఉల్టా తిరిగి గాలిని ముందుకు నెడుతుంది. గ్రిల్ ముందు ఒక కాగితం పట్టుకోండి. అది జాలీకి అతుక్కోవాలి. ఎగిరిపోతే వైర్లు మార్చి బిగించండి.

బొలెరో, సుమో, క్వాలిస్ తరహా బండ్లలో ఫ్యాన్ బెల్టు మీద తిరుగుతుంది, నడుమ సిలికాన్ నూనె ఉండే విస్కస్ కప్లింగ్ ఉంటుంది. ఇంజన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడు చేత్తో తిప్పితే బరువుగా కదలాలి. గిరగిరా తిరిగితే నూనె అయిపోయింది. కప్లింగ్ మీద జిడ్డు గీతలు కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ డొప్ప, అదే ష్రౌడ్, పాత బండ్లలో పగిలిపోయి గానీ అసలు లేకుండా గానీ ఉంటుంది. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్‌లోంచి కాకుండా పక్కల నుంచి గాలి లాగుతుంది. కొత్తది వేయించండి.

ఊళ్లో బాగుండి, హైదరాబాద్ రోడ్డు మీద 80 దాటాక వేడెక్కితే గాలి కాదు, నీళ్ల ప్రవాహం చూడాలి. బానెట్ ఎత్తి, ఇంజన్ వేడెక్కాక ఎవరినైనా రేసు 2500–3000 ఆర్‌పీఎం దాకా తొక్కమని, కింది హోస్ పైపును చూస్తూ ఉండండి. పంపు లాగే దెబ్బకు మెత్తబడిన పైపు లోపలికి ముడుచుకుని దారి మూసుకుంటుంది. రేసు వదలగానే మళ్లీ ఉబ్బుతుంది, అందుకే ఆగిన బండిలో ఈ జబ్బు ఎవరికీ కనిపించదు. చాలా బండ్లకు ఆ పైపు లోపల స్ప్రింగ్ ఉంటుంది. పైపు మార్చేటప్పుడు స్ప్రింగ్ తీసి పారేసి ఉంటారు. బెల్టు కూడా చూడండి: రెండు పుల్లీల నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కితే 10–12 మిల్లీమీటర్లు దిగితే చాలు. అద్దంలా నునుపెక్కిన బెల్టు ఎంత బిగించినా జారుతుంది.

నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ గానీ, కెరమెరి ఘాట్ గానీ లోడుతో ఎక్కేటప్పుడు మాత్రమే వేడెక్కితే రేడియేటర్ సగం మూసుకుపోయిందనో, హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కూ బ్లాకుకూ నడుమ గ్యాసు, నీళ్లు కలవకుండా ఆపే పొర) ఇప్పుడిప్పుడే పోవడం మొదలైందనో అర్థం. పెట్రోలు బండిలో స్పార్కు టైమింగ్ వెనక్కి పోవడం, కార్బురేటర్ పలచగా (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) కొట్టడం, ఏ బండిలోనైనా బ్రేకులు పట్టేసుకుని ఉండటం, క్లచ్ జారడం కూడా చూసేయండి. నాలుగు చక్రాల డ్రమ్ములూ డిస్కులూ గన్‌తో కొలిస్తే ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉందేమో నిమిషంలో తేలుతుంది.

స్టార్ట్ చేసిన ఐదు పది నిమిషాల్లోనే ముల్లు ఎగబాకితే థర్మోస్టాట్ మూసుకుని పట్టేసింది, లేదా లోపల గాలి బుడగ ఇరుక్కుంది, లేదా హెడ్ గాస్కెట్.

బోరు నీళ్లు చేసే పని

మన దగ్గర పాత బండ్ల వేడికి ముఖ్యకారణం ఇదే. కూలెంట్ (తుప్పును ఆపే రసాయనం ఉన్న, నీళ్లతో కలిపి పోసే ద్రవం) ఖర్చెందుకని బోరు నీళ్లు పోస్తారు. ఆ నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి గట్టిపడి, ఇంట్లో వాటర్ హీటర్ రాడ్డుకు పట్టినట్టే ఇంజన్ లోపల సున్నంలా పేరుకుంటాయి. అది కూడా ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే, అంటే హెడ్‌లో వాల్వుల చుట్టూ ఎక్కువగా పడుతుంది. ఆ పొర వేడిని నీళ్లలోకి రానివ్వదు. నీళ్లు ఆవిరైనప్పుడల్లా లవణాలు మిగులుతాయి, మళ్లీ పోసిన ప్రతి లీటరుతో ఇంకొంచెం చేరతాయి. రోజూ అర లీటరు పోస్తూ నడిపే బండికి ఇదే గతి. దీనికి తోడు, తుప్పును ఆపే రసాయనం లేని నీళ్లు ఇనుప బ్లాకును తింటాయి. ఆ ఎర్రటి బురద రేడియేటర్ కింది ట్యూబుల్లో కూర్చుంటుంది.

రేడియేటర్ ఎంత మూసుకుందో గన్‌తో చూడండి. ఇంజన్ బాగా వేడెక్కాక, పై పైపు వైపు నుంచి కింది పైపు వైపుకు కోరు మీద అడుగడుగునా కొలవండి. వేడి క్రమంగా తగ్గుతూ రావాలి. నడుమ ఎక్కడైనా ఒక ముక్క చుట్టూ ఉన్నదానికన్నా బాగా చల్లగా ఉంటే ఆ ట్యూబుల్లోకి నీళ్లు పోవడం లేదు. ఫ్యాన్ గట్టిగా తిరుగుతున్నా పై పైపుకు కింది పైపుకు తేడా లేకపోతే నీళ్లు తిరుగుతున్నాయి గానీ గాలి తగలట్లేదు, బయట రెక్కలు మూసుకున్నాయి.

బయటి మురికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన సంగతి. పత్తి సీజనులో ఏనుమాముల మార్కెట్ దారిలో తిరిగే బండ్లకు దూది పోగులు, వరి కోతలప్పుడు రోడ్ల మీద ఆరబోసిన వడ్ల పొట్టు, కరీంనగర్ వైపు గ్రానైట్ దుమ్ము. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది, ఎందుకంటే కనిపించేది ఏసీ కండెన్సర్. చెత్తంతా దానికీ రేడియేటర్‌కూ నడుమ సందులో మందపాటి చాపలా పేరుకుని ఉంటుంది. పై బోల్టులు విప్పి రేడియేటర్‌ను ఇంజన్ వైపు కొంచెం వంచి, సందులోకి టార్చి వేసి చూడండి. కడిగేటప్పుడు నీళ్లు ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి, మామూలు నల్లా పైపు ఒత్తిడి చాలు. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే మెత్తటి రెక్కలు వంగి, దుమ్ము పోయినా గాలి పోదు. నూనె జిడ్డుంటే సబ్బు నీళ్లు చల్లి అరగంట ఆగి కడగండి. ఇక గ్రిల్‌కు కట్టే జాతర ఫ్లెక్సీలు, పూలదండలు, దోమజాలీలు కూడా గాలిని ఆపేవే. ఎండకాలం వాటిని తీసేయడం మేలు.

లోపలి సున్నానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు పనిచేస్తుంది. బాత్రూం యాసిడ్ మాత్రం ఎవరు చెప్పినా పోయకండి. అల్యూమినియం హెడ్డునూ, ఇత్తడి రేడియేటర్ టాంకానూ అది తినేస్తుంది. పద్ధతి ఇది. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ కింది పైపు తీసి, బ్లాకు పక్కనుండే డ్రైన్ ప్లగ్గు కూడా విప్పాలి. చాలా షాపుల్లో ఈ ప్లగ్గు ముట్టుకోరు, అందుకే పాత నీళ్లలో సగం లోపలే ఉండిపోతాయి. విప్పినా చుక్క రాకపోతే రంధ్రం బురదతో మూసుకుంది, సన్నటి తీగతో పొడవండి. వచ్చిన నీళ్లు బకెట్లో పట్టి కొలవండి, మీ బండికి ఎన్ని లీటర్లు పడతాయో తెలుస్తుంది.

థర్మోస్టాట్ తీసి, మామూలు నీళ్లతో నింపి, పది నిమిషాలు నడిపి వదిలేయండి. తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. తర్వాత లీటరుకు 40 గ్రాముల లెక్కన నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కరిగించి పోయండి. అంటే 8 లీటర్ల బండికి 320 గ్రాములు. హీటర్ పూర్తిగా తెరిచి, ఇంజన్ వేడెక్కాక 20–30 నిమిషాలు నడపండి. అల్యూమినియం రేడియేటర్ అయితే మోతాదు సగానికి తగ్గించి, 20 నిమిషాలకే ఆపేయండి. రాత్రంతా ఉంచితే లోహానికే దెబ్బ. చల్లారాక వదిలేసి, మూడుసార్లు నీళ్లతో కడిగి, లీటరుకు 10 గ్రాముల తినే సోడా కలిపి ఐదు నిమిషాలు నడిపి, మళ్లీ రెండుసార్లు కడగాలి. ముందు కడగకుండా సోడా పోస్తే లోపలే నురగ పొంగుతుంది. ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి. సున్నం పోయాక ఇన్నాళ్లూ అది మూసి ఉంచిన చిల్లులు బయటపడవచ్చు. అది కడగడం వల్ల వచ్చిన నష్టం కాదు, ఎలాగూ మార్చాల్సిన సామానే. పాత కూలెంట్ మోరీలో పారబోయకండి. తియ్యగా ఉండి కుక్కలు, మేకలు తాగుతాయి, విషం.

కడిగినా చల్లటి ముక్కలు అలాగే ఉంటే రేడియేటర్ షాపుకు పోవాలి. రాగి-ఇత్తడి కోరు అయితే ట్యాంకులు విప్పి, ట్యూబుల్లో సన్నటి కడ్డీ పెట్టి తోస్తారు. కారే ట్యూబులకు రెండు చివర్లా టాంకా పెట్టి మూసేసే అలవాటు కూడా ఉంది. అలా నాలుగైదు మూసేశాక రేడియేటర్ కారదు గానీ చల్లబరచదు. కొత్త కోరు వేయిస్తే పాతదానికి ఎన్ని వరుసల ట్యూబులున్నాయో చూసి, అన్నే ఉన్నది అడగండి. మూడు వరుసల చోట రెండు వరుసలది పెడితే మే నెలలో మళ్లీ మొదటికొస్తుంది.

థర్మోస్టాట్ తీసేయడం

"మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు" అనే మాటలో సగమే నిజం. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడే దాని వెనక పళ్లెం బైపాస్ దారిని మూస్తుంది. తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉండి, వేడినీళ్లలో కొంత రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజన్‌లోకి వస్తాయి. రామగుండం ఎండలో లోడు మీద వేడెక్కుతుంది, డిసెంబర్ పొద్దున వేడే ఎక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది.

పాతది పరీక్షించడం సులువు. గిన్నెలో నీళ్లు పోసి, దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, వంట థర్మామీటర్ పెట్టి మరిగించండి. దాని మీద 82 అని ఉంటే ఆ దగ్గర కదలడం మొదలై, 95 కల్లా పూర్తిగా, సుమారు 8 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. వేసేటప్పుడు స్ప్రింగ్ ఇంజన్ వైపు, గాలి పోయే చిన్న రంధ్రం పైకి ఉండాలి.

వాటర్ పంపు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పుల్లీ పట్టుకుని ఊపితే ఆడకూడదు. విప్పినప్పుడు లోపలి రెక్కలు తుప్పుకు అరిగి పొట్టివి అయ్యాయా, ఇరుసు మీద జారుతున్నాయా చూడండి.

హెడ్ గాస్కెట్ అనుమానం

పైవన్నీ సరిగ్గా ఉన్నా వేడెక్కితే ఇక్కడికి రావాలి. చల్లటి ఇంజన్ మీద మూత తీసి, గొంతు దాకా నింపి, స్టార్ట్ చేయండి. మొదట్లో నాలుగు బుడగలు వచ్చి ఆగితే లోపలి గాలి. ఆగకుండా వస్తూ, రేసుకు ఎక్కువైతే సిలిండర్ గ్యాసు. మూత పెట్టి స్టార్ట్ చేసిన నిమిషంలోనే, ఇంకా వేడెక్కకముందే, పై పైపు రాయిలా బిగిస్తే అదీ అదే సాక్ష్యం. నూనె మూత కింద మీగడలాంటి పూత చూసి మాత్రమే తీర్పు చెప్పకండి, థర్మోస్టాట్ లేని బండికి చలికాలంలో ఉత్త తేమకే అలా వస్తుంది. నీలిరంగు ద్రవంతో చేసే టెస్టు ఉన్న షాపులో చేయించండి. గ్యాసు తగిలితే రంగు పసుపు వైపు మారుతుంది.

హెడ్ విప్పాక గాస్కెట్ మాత్రమే మార్చి మూసేయనివ్వకండి. తిన్నటి స్టీలు పట్టీ అడ్డం పొడవు ఐమూలగా పెట్టి, కింద ఫీలర్ గేజీతో (సందు కొలిచే పలుచటి రేకులతో) వంపు కొలవాలి. పగులు కోసం ప్రెషర్ టెస్టు చేయించి, అవసరమైతే ఫేసింగ్ పట్టించాలి, అంటే హెడ్ అడుగు మెషిన్ మీద చదును చేయించాలి. బోల్టులు మాన్యువల్‌లో ఉన్న వరుసలో, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. ఒకసారి సాగి పనికిరాకుండా పోయే రకం బోల్టులైతే కొత్తవే వేయాలి.

నింపడం, గాలి తీయడం

గాఢ కూలెంట్ ఒక పాలు, డిస్టిల్డ్ వాటర్ రెండు పాళ్లు మన వేడికి సరిపోతుంది. సగం సగం కలిపినా తప్పు లేదు. ముందే కలిపి అమ్మే దాంట్లో నీళ్లు పోయకండి. రంగు చూసి కలపకండి, డబ్బా మీద రాసింది చదవండి. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా ఎక్కుడులో నిలిపి, హీటర్ తెరిచి, మూత లేకుండా మెల్లగా నింపండి. ఇంజన్ నడుస్తుండగా పై పైపును చేత్తో పిసుకుతూ ఉంటే గుడగుడమని గాలి వస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకున్నాక నీళ్ల మట్టం ఒక్కసారి పడుతుంది, అప్పుడు నింపి మూత పెట్టండి.

దారిలో వేడెక్కితే: ఏసీ ఆపి, హీటర్‌ను ఫుల్ పెట్టి, పక్కకు తీయండి. ఆవిరి రాకుండా, ముల్లు ఎర్రగీతకు కింద ఉంటే రెండు నిమిషాలు ఐడిల్‌లో వదలడం మంచిది. ఆవిరి వస్తే, ముల్లు ఎర్రలో ఉంటే వెంటనే ఆపేయండి. ఇంజన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించకండి, హెడ్ పగులుతుంది. కనీసం ముప్పావుగంట ఆగి, పై పైపు మెత్తగా, చల్లగా అయ్యాకే తడిబట్టతో మూతను మొదటి గాటు దాకా తిప్పి, ఒత్తిడి పోయాక తీయండి. నీళ్లు పోసేది ఇంజన్ నడుస్తుండగా, కొద్దికొద్దిగా.

పని అయ్యాక పరీక్ష మధ్యాహ్నం రెండు గంటలకు చేయండి, పొద్దున్నే కాదు. హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో ఏసీ వేసి ఇరవై నిమిషాలు, తర్వాత హైవే మీద అరగంట. రెండుచోట్లా థర్మోస్టాట్ గూడు దగ్గర గన్‌తో కొలిచి రాసుకోండి. మర్నాడు పొద్దున మూత తీసి గొంతు చూడండి, డబ్బా మీది గీత చూడండి. వారం పాటు గీత కదలకపోతే పని అయినట్టే. వేలెడు దిగితే మళ్లీ ప్రెషర్ టెస్టర్ దగ్గరికి.